మూడు సంపులు: బెలుం పాతాళగంగ మొదలు పగడపు తొట్టి వఱకు

సంపు అనునది ఇంగ్లీషు నుండి వచ్చి మన యిండ్లలో స్థిరపడిన మాట. పట్టణములలో ముంగిట నేల త్రవ్వి, సిమెంటుతో గట్టి, మీద ఇనుప మూత వేసిన నీళ్లతొట్టినే సంపు అందురు. కుళాయి వచ్చినప్పుడు నీటిని దానిలో నింపుకొని, మోటారుతో మిద్దెమీది ట్యాంకునకు ఎక్కింతురు. ఇది యెల్లరు ఎఱిగినదే. కాని యీ మాటను మఱి రెండు తెగల వారును వాడుదురు. గుహలలో దిగి పరిశోధించువారు, త్రోవ నీటితో పైకప్పు వఱకు నిండి, ఇక ముందునకు నడచుటకు వీలులేని చోటును సంపు అందురు. అద్దపు తొట్టిలో సముద్రజలము పోసి పగడములను పెంచువారు, ఆ తొట్టి క్రింద బీరువాలో దాచిన రెండవ తొట్టిని సంపు అందురు. మూడింటికిని పోలిక యొక్కటే. పైనున్న నీరు దిగి నిలుచు చోటు అది. పైన జరిగిన అశ్రద్ధ యంతయు అక్కడ మడ్డియై పేరుకొనును.

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా మూడవ సంపును, దానితో కూడియుండు ఆశ్రయపు తొట్టిని శుభ్రపఱచు విధమును చెప్పదలచితిమి. అయినను త్రోవ బెలుం గుహల మీదుగా పోవును. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల బాలురకు సముద్రము దూరము. సున్నపురాయి మాత్రము కాలిక్రిందనే యున్నది. పగడపు తొట్టిలో జరుగు రసాయన వ్యవహారములో సగము ఆ రాతియందే చదువుకొనవచ్చును.

బెలుం గ్రామము కొలిమిగుండ్ల మండలములోనిది. పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది. బిలము అను సంస్కృత పదము నుండియే ఆ పేరు కలిగెనని చెప్పుదురు. చదునైన పొలముల నడుమ బావులవలె నోరు తెఱచిన గోతులు కలవు. వానిలో నడిమిదాని నుండి మెట్లు దిగి లోనికి పోవలెను. దూరము నుండి చూచువారికి కొండ గాని కోన గాని కానరాదు. తెలియని బాటసారి గుహ మీదనే నడచిపోయినను దాని నెఱుగడు. 1884వ సంవత్సరమున భూగర్భ పరిశీలన శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొర ఈ గుహలను గూర్చి వ్రాసెను. తరువాత సుమారు నూఱేండ్లు వీని సంగతి విశేషముగా పట్టించుకొనినవారు లేరు. 1982 మొదలు 1984 వఱకు జర్మను దేశపు గుహాన్వేషకుడు డానియెల్ గెబవర్ తన జట్టుతో వచ్చి మార్గముల నన్నిటిని కొలిచి పటము వ్రాసెను. గుహల మొత్తము పొడవు 3,229 మీటర్లని లెక్క. చూడవచ్చువారికి తెఱచి యుంచినది అందు సగము లోపే.

ఈ గుహలో కోటిలింగములు, వేయిపడగలు, ఊడలమఱ్ఱి అని పేర్లు పెట్టిన చోట్లు కలవు. అవి చూచి ఆనందించుట యందఱును చేయుదురు. మేము మాత్రము విద్యార్థులను అన్నిటికంటె లోతున నున్న పాతాళగంగ వద్ద నిలువుమని కోరుదుము. అది సన్నని నీటిపాఱుదల. రాతి సందున కనబడి, కొంత దూరము పాఱి, మఱల రాతిలోనికే దిగి మాయమగును. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరముననున్న బెలుం గ్రామపు బావికి చేరునని జనుల నమ్మిక. ఈ నమ్మికను కట్టుకథ యని త్రోసివేయరాదు. సున్నపురాతి నేలలో నీరు ఇసుకలోవలె మెల్లగా వడగట్టబడి పోదు. రాతి పగుళ్లు కాలక్రమమున కరగి గొట్టములై యుండును. పైన పోసిన మురికి కొలది దినములలోనే, ఒక్కొక్కప్పుడు కొలది గంటలలోనే, మైళ్ల దూరములోని ఊటలో తేలవచ్చును. ఇతర దేశములలో రంగు కలిపిన నీటిని గుహలలో విడిచి, ఏ బావిలో రంగు కనబడునో చూచి, ఈ సంగతిని అనేక పర్యాయములు ఋజువు చేసియున్నారు.

ఇక రాతి సంగతి. వాన నీరు మట్టిలో నుండి దిగునప్పుడు అందలి బొగ్గుపులుసు గాలిని కలుపుకొని కొంచెము పులియును. ఆ పుల్లని నీరు సున్నపురాతిని మెల్లగా కరగించి తనలో దాచుకొనును. గుహ కప్పునకు వచ్చి చుక్కగా వ్రేలాడునప్పుడు, ఆ గాలి చుక్కను విడిచిపోవును. అప్పుడు దాచిన సున్నము తిరిగి రాయిగా దిగబడును. కప్పు నుండి వ్రేలాడు రాతి యూడలు, నేల నుండి మొలచు రాతి మొటికలు ఇట్లేర్పడినవే. ఒక్క సూత్రముతో రెండు పనులు: గాలి కలిసిన కరుగుట, గాలి పోయిన గడ్డకట్టుట. దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. పగడపు తొట్టి మోటారు దగ్గఱ ఇదే సూత్రము మఱల ఎదురగును.

సున్నపురాయి యనగానే పూర్వపు పగడపు దిబ్బ యని తలచు బాలురు కొందఱు కలరు. బెలుం రాయి విషయమున ఇది సరికాదు. ఆ రాయి సముద్రములో ఏర్పడినదే గాని, 50 కోట్ల సంవత్సరములకు పూర్వమే ఏర్పడినది. నేటి దిబ్బలను కట్టు రాతి పగడముల వంశము పుట్టి సుమారు 24 కోట్ల సంవత్సరములే యైనది. పగడములు లేని సముద్రములో పడిన సున్నమును మనము గుహగా చూచుచున్నాము. నేటి పగడపు పురుగు అదే సున్నమును నీటి నుండి తీసికొని తన యిల్లు కట్టుకొనుచున్నది.

ఇప్పుడు శుభ్రత మాట. 1988వ సంవత్సరము వఱకు బెలుం గుహలు చుట్టుప్రక్కల వారికి చెత్త పోయు గోతులుగా నుండినవి. దీనిని తలచి ఆ గ్రామస్థులను నిందించుట తగదు. పొలములో లోతు తెలియని గొయ్యి కనబడిన ఏ ఊరివారైనను అట్లే చేసియుందురు. పైగా పిమ్మట దానిని బాగుచేయుటలో అధికారులకు తోడ్పడినవారు ఆ గ్రామస్థులే. పోలీసు సూపరింటెండెంటుగా పనిచేసి విరమించిన ఎం. నారాయణరెడ్డి గారి పట్టుదల మీద ప్రభుత్వము ఆ ప్రదేశమును సంరక్షిత ప్రదేశముగా ప్రకటించెను. 1999వ సంవత్సరమున రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ దానిని స్వాధీనము చేసికొని, బాటలు వేసి, దీపములు పెట్టి, లోనికి గాలి పోవుటకు గొట్టములు దించి, 2002వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ప్రజలకు తెఱచెను. చెత్త పోయుట ఆగినది చూడవచ్చువారి సుఖమునకు మాత్రమే కాదు. పాతాళగంగ నిజముగా ఊరి బావికి పోవునేని, గోతిలో పడిన చచ్చిన పశువు ఊరి కుండలోనికి వచ్చినట్లే గదా.

గుహలోని నీటికి మఱియొక ప్రయోజనము కలదు. అది ప్రాణులకు ఆశ్రయము. వెలుతురు లేనిచోట మొక్క మొలవదు. గబ్బిలముల రెట్టయు, వరదలో కొట్టుకొని వచ్చిన ఆకు అలమును తిని బ్రదుకు చిన్న జీవులు మాత్రమే అందు నివసించును. ఆంధ్రదేశపు సున్నపురాతి గుహల నీటిలో కన్నులు లేని, రంగు లేని, రొయ్య జాతికి దూరపు చుట్టములైన చిఱుజీవులను మన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2011వ సంవత్సరమున వానిలో నొక తెగకు ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టిరి. అందొక జాతికి పైని చెప్పిన గెబవర్ గారి పేరే పెట్టబడినది. పైలోకములో ఎండకు, శత్రువులకు తాళలేక నశించిన పూర్వవంశములు భూమి లోపల నిలిచియుండుటను శాస్త్రజ్ఞులు ఆశ్రయ మందురు. లాటిను భాషలో దీనికి రెఫ్యూజియము అని పేరు. పగడపు తొట్టి కట్టువారు సంపులోని యొక గదికి ఈ పేరే అరువు తెచ్చుకొనిరి.

అద్దపు తొట్టిలో నీటి జీవులను పెంచు విద్య చాల పాతది కాదు. 1850వ సంవత్సరమున లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, చేపయు మొక్కయు ఒకదానిని మఱొకటి పోషించుకొనునని చూపెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియము అను పేరు లోకమున వ్యాపించెను. మన దక్షిణాపథమున 1909వ సంవత్సరమున మద్రాసు సముద్రతీరమున చేపల ప్రదర్శనశాల తెఱచిరి. నాడు కర్నూలు జిల్లాయు మద్రాసు రాజధానిలోనిదే గనుక దానిని మనదనియు చెప్పుకొనవచ్చును. అది పిమ్మట మూతపడినది. పగడములను బ్రదికించు విద్య మాత్రము ఇంకను ఆలస్యముగా కుదిరినది. అమెరికా దేశపు స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఎడీ అను శాస్త్రజ్ఞుడు నాచును పెంచి నీటిని శుద్ధి చేయు పద్ధతిని ప్రచారము చేసెను. నేటి ఆశ్రయపు తొట్టికి అదియొక మూలము.

తొట్టి యమరిక యిట్లుండును. పై తొట్టిలోని నీరు అంచు దాటి గొట్టము గుండ తనంతట తానే సంపులోనికి దిగును. దిగినచోట వడపోత సంచి తగిలించి యుందురు. చేపల రెట్ట, మిగిలిన మేత దానిలో చిక్కును. తరువాతి గదిలో నురుగు తీయు యంత్రముండును. అది నీటిలోనికి సన్నని బుడగలు ఊది, నీట కరగిన జిడ్డును నురుగుగా పైకి తెచ్చి గిన్నెలో చేర్చును. చెఱకు రసము కాచునప్పుడు మడ్డి తెట్టెగా తేలుట చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. ఆ పిమ్మటి గది ఆశ్రయపు తొట్టి. కడపటి గదిలోని మోటారు నీటిని మఱల పైకి ఎక్కించును.

మనము ఇంటి సంపును కడుగు పద్ధతి అందఱికిని తెలిసినదే. నీరంతయు తోడి, అడుగు మడ్డి ఎత్తి, చీపురుతో రుద్ది, బ్లీచింగు పొడి చల్లి, రెండుమాఱులు కడిగి నింపుదురు. ఇక్కడ నొక హెచ్చరిక. బహుకాలము మూసియుంచిన సంపులోనికి వెంటనే దిగరాదు, ఒంటరిగా దిగరాదు. లోపలి చెడు గాలి మనుష్యుని మాటాడనీయక పడవేయును. మూత తీసి చాలసేపు గాలి ఆడనిచ్చి, పైన ఒకరు నిలిచియుండగా పెద్దవారే దిగవలెను. పిల్లల నెన్నడును దింపరాదు.

ఇంటి సంపులో మన యుద్దేశము బ్రదికియున్న దానినెల్ల చంపుట. పగడపు సంపులో అట్లు చేసిన తొట్టి యంతయు చచ్చును. క్రొత్తగా తొట్టి పెట్టినవారు మొదట నేర్వవలసిన దిదియే. చేపల మూత్రములోని అమ్మోనియా విషము. రాళ్ల మీదను, గోడల మీదను, ఇసుకలోను కాపురముండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రైటును విషమే. నైట్రేటు అంత కీడు చేయదుగాని ఎక్కువైన నాచు ముదిరి పగడములు క్షీణించును. సబ్బుతోనో బ్లీచింగుతోనో సంపును తళతళలాడునట్లు తోమినవాడు ఈ పనివారి నందఱిని ఒక్కపూటలో వెళ్లగొట్టినవా డగును. మఱునాడు నీరు అద్దమువలెనే యుండును. చేపలు మాత్రము పైకి వచ్చి నోరు తెఱచుచుండును. కాబట్టి సబ్బు సంపు దరిదాపులకు రాగూడదు. చేతికి రాచుకొనిన నూనె, మందులు సయితము మోచేతి వఱకు కడిగివేసికొనవలెను. గదులన్నిటిని ఒక్కనాడు ముట్టక, వారమున కొకటి చొప్పున శుభ్రపఱచవలెను.

పని మొదలిడక మున్నే మోటారు, దీపము, కాపు కడ్డీ మీటలు కట్టివేసి, ప్లగ్గులు ఊడదీయవలెను. ఉప్పునీరు మంచినీటికంటె కరెంటును సులువుగా ప్రసరింపజేయును. తీగలు గోడకు పోవు ముందు ఒక వంపు క్రిందికి వ్రేలాడునట్లు ఉంచిన, తీగ వెంబడి జారు నీరు ఆ వంపు నుండి నేలబడును. ప్లగ్గులోనికి పోదు.

వడపోత సంచిని మూడు నాలుగు దినములకొకసారి తీసి మార్చవలెను. దానిని తడవులు తడవులుగా విడిచిన, చిక్కిన రెట్ట అక్కడనే కుళ్లి కరగి నీటిలోనికే పోవును. అప్పుడు సంచి యుండియు లేనట్లే. మురికి సంచిని తిరగవేసి కుళాయి క్రింద గట్టిగా జాడించి ఎండలో ఆరవేయుదురు. సంచి విషయమున మంచినీటి కుళాయికి దోషము లేదు, అది మురికిని పట్టుటకే గాని జీవులను పెంచుటకు గాదు. నురుగు గిన్నెను వారమున కొకటి రెండు మాఱులు పాఱబోసి, మెడలో అంటిన జిడ్డును తుడువవలెను. మెడ జిడ్డెక్కినచో నురుగు పైకి ఎగబ్రాకదు. ఆ గిన్నెలోని నల్లని నీటి వాసన చూచినవారికి తొట్టిలో ఏమి జరుగుచుండెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

సంపు అడుగున చేరు మడ్డిని నెల కొకసారి, నీరు మార్చునాడే, సన్నని గొట్టముతో పీల్చి తీయవలెను. కుంచెతో కదిపి నీటిలో కలుపుట పనికిరాదు. పీల్చిన నీరు మార్చవలసిన నీటిలో భాగమే గనుక రెండు పనులొకసారి అగును. నీరు మార్చుట మాత్రమే చాలునని తలచువారు ఈ లెక్క వేసి చూడవలెను. లీటరు నీటిలో 40 మిల్లీగ్రాముల నైట్రేటు కలదనుకొనుడు. పదవ వంతు నీరు మార్చిన 36 అగును. మఱల మార్చిన 32.4. మూడవసారి 29.16. ఈ మధ్యకాలమున మడ్డి అడుగున కుళ్లుచునే యుండిన, తీసినంతయు తిరిగి చేరును. మడ్డి తీయనివాడు చిల్లి కుండతో నీరు మోయువాడే.

క్రొత్త నీటిని ముందునాడే కలిపి సిద్ధపఱచుకొనవలెను. లీటరునకు సుమారు 35 గ్రాముల సముద్ర లవణము. ఇది వంటయిల్లు ఉప్పు కాదు. సముద్రజలములోని కాల్షియము, మెగ్నీషియము మున్నగునవి యెల్ల కలిపి అమ్మునది. 20 లీటర్లకు 700 గ్రాములు కావలెను. కలుపు నీరు మా ప్రాంతపు బోరు నీరు కారాదు. సున్నపురాతి నేలలో పుట్టిన నీటిలో కరగిన లవణము లెక్కువ. ఆర్.ఓ. యంత్రమున వడగట్టిన నీటినే తీసికొని, టీడీఎస్ మీటరుతో కొలిచి, సున్నకు సమీపముగ నుండుట చూచుకొనవలెను. త్రాగుటకు అమ్ము క్యానుల నీటిలో రుచికై లవణములు విడిచియుందురు గనుక కొలువక పోయరాదు.

ఎండకు, గాలికి తొట్టిలోని నీరు ఆవిరియై తగ్గుచుండును. ఆవిరి యగునది నీరే, ఉప్పు కాదు. కాబట్టి ప్రతిదినమును తగ్గినంత మంచినీరే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు. తగ్గుట పై తొట్టిలో కనబడదు. కడపటి మోటారు గదిలోనే కనబడును. అక్కడ నొక గీత గీసి యుంచుట మేలు. రాయలసీమ వేసవిలో ఒక్కదినము మఱచినను గీతకు నీటికి నడుమ జానెడు దూరము కనబడవచ్చును. మోటారు గాలి పీల్చి మొఱపెట్టును.

ఆ మోటారునే కొన్నినెలల కొకసారి విప్పి చూచిన, లోపలి చక్రము మీద తెల్లని గట్టి పెచ్చు కనబడును. అది బెలుం గుహ కప్పున వ్రేలాడు రాయియే! మోటారు వేడికి నీటిలోని బొగ్గుపులుసు గాలి తొలగి, కరగియున్న సున్నము రాయిగా దిగినది. కత్తితో గోకిన చక్రము పాడగును. వినిగరును నీటిని సమముగా కలిపి అందు మోటారును గంటసేపు నానవేసిన, పెచ్చు బుసబుస పొంగి కరగిపోవును. పిమ్మట మంచినీట కడిగి తిరిగి అమర్చవలెను. ఈ పొంగునే పాఠశాలలో చూడదలచినవారు నాపరాయి ముక్క మీద వినిగరు చుక్కలు వేసి చూడవచ్చును. కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాయి ముక్కలకు కొదువ లేదు. గుహలోని రాయి మాత్రము ఒక గోరంతయు విఱువరాదు. అది మఱల పెరుగుటకు మన మనుమలు మునిమనుమల కాలమును చాలదు.

ఇక ఆశ్రయపు తొట్టి. దీనిలో చేపలు ఉండవు. దీపము వెలుగున ఒక విధమైన సముద్రపు నాచును పెంచుదురు. కీటోమార్ఫా యను జాతి వాడుకలో నెక్కువ. చూచుటకు గిన్నెలు తోము పీచు చుట్టను పచ్చరంగులో ముంచినట్లుండును. అది నీటిలోని నైట్రేటును, ఫాస్ఫేటును తిని పెరుగును. దాని చిక్కులలో కంటికి కనబడీ కనబడని చిఱుజీవులు చేపల బెడద లేక పిల్లలు పెట్టును. వానిలో కొన్ని నీటితోబాటు మోటారు గుండ పైకి పోయి పగడములకును చేపలకును ఆహారమగును. గుహలోని ఆశ్రయము చీకటిది, ఇది వెలుతురుది. వెలుతురు చేయు పని చోటునుబట్టి యుండును. చూడవచ్చువారికై విద్యుద్దీపములు పెట్టిన గుహలలో ఆ దీపముల చుట్టు పచ్చని పాచి మొలచి రాతిని చెఱచును. అదే పాచి ఇచ్చట మన పనివాడు.

ఈ దీపమును రాత్రివేళ వెలిగించి పగలు ఆర్పుట వాడుక. పగలు పై తొట్టిలో దీపము వెలుగుచుండగా అందలి నాచు బొగ్గుపులుసు గాలిని తినును. రాత్రి తినువారు లేక ఆ గాలి పెరిగి నీరు కొంచెము పులియును. రాత్రియందు ఆశ్రయపు నాచు మేలుకొని యుండిన, నీటి పులుపు ఒక్కరీతిగా నిలుచును. కుటుంబములో వంతులవారీగా కాపలా కాచుట వంటిది.

నాచును పెరుగనిచ్చుట కాదు, కోయుట వలననే ఫలము. నాచు తిన్న నైట్రేటు నాచులోనే యున్నది. దానిని తీసి బయట వేసినప్పుడే తొట్టి నుండి పోయినట్లు. రెండు మూడు వారముల కొకసారి మూడవ వంతు తీసివేసి, మిగిలినదానిని విప్పి తిరగవేసి, వెలుతురు అడుగువఱకు పోవునట్లు చేయవలెను. తీసిన చుట్టను తొట్టి నీటితో నింపిన గిన్నెలో నాలుగుమాఱులు జాడించిన చిఱుజీవులు రాలును. మఱల వానిని లోన పోయవచ్చును. ఈ జాడింపు తీరుబడిగా చేయు విద్యార్థికి ఒక భూతద్దమిచ్చిన, ఆ సాయంకాలము అతనిని ఇంటికి పిలుచుట తల్లిదండ్రులకు కష్టము. కాలెర్పా యను మఱియొక నాచు నందముగా నుండును గాని దానిని మేము మెచ్చము. కోయక ముదురనిచ్చిన అది యొక్కరాత్రిలో తన సారమంతయు నీటిలో విడిచి, తొట్టిని పాలవలె చేసి చచ్చును.

ఆశ్రయపు తొట్టి అడుగున లోతైన ఇసుక పోసియున్న, దానిని కదల్పరాదు. అడుగు పొరలలో ప్రాణవాయువు చొరదు. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటును వట్టి గాలిగా మార్చి పంపును. కాని అక్కడనే కుళ్లిన గ్రుడ్డు వాసన గల విషవాయువును పుట్టవచ్చును. తెలియక ఇసుకను తిరగద్రవ్విన ఆ విషము పైకి వచ్చును. మీది మడ్డిని మాత్రము తేలికగ పీల్చి తీయవలెను.

కరెంటు పోవుటను గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము మన యూళ్లలో పనికిరాదు. మోటారు ఆగిన వెంటనే పై తొట్టి నీరు అంచు మట్టము వఱకు క్రిందికి దిగును. తొట్టి పొడవు 90, వెడల్పు 45 సెంటీమీటర్లు, దిగునది 3 సెంటీమీటర్లు అనుకొనుడు. మూడింటిని హెచ్చించిన 12,150 ఘన సెంటీమీటర్లు, అనగా 12 లీటర్లకు పైగా. మోటారు గొట్టము కొన నీట మునిగియున్నచో నీరు వెనుకకు లాగబడి ఇంకను ఎక్కువ దిగును. కావున ఆ గొట్టమునకు నీటి మట్టము దగ్గఱ చిన్న రంధ్రము చేసి గాలి చొరనిత్తురు. సంపులో నెల్లప్పుడు అంత ఖాళీ యుంచవలెను. శుభ్రము చేసి నీరు తిరిగి నింపునాడు ఈ ఖాళీని మఱచుటయే గదులు తడియుటకు కారణము. నింపిన పిమ్మట ఒక్కసారి మోటారు ఆపి సంపు పొంగకుండుట చూచి, ఆ మట్టమునకు గుఱుతు పెట్టవలెను. నాచును కోసి వేళ్లతో విడదీసిన తునకలు ఆ రంధ్రమున చిక్కుకొనవచ్చును గనుక దానిని పుల్లతో పొడిచి చూచుటయు నెలపనిలో నొకటి.

పగడములను గూర్చి చట్టము నొకదానిని చెప్పవలసియున్నది. మన ఆంధ్ర తీరమున చెప్పదగిన పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మున్నగు నదులు తెచ్చు మంచినీటిని, బురదను అవి సహింపవు. మన్నారు సింధుశాఖ, కచ్ఛము, లక్షదీవులు, అండమాను నికోబారు దీవులు వానికి నెలవులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో 2001వ సంవత్సరమున రాతి పగడముల నన్నిటిని మొదటి పట్టికలో చేర్చిరి. పెద్దపులికి గల రక్షణయే వానికిని కలదు. సముద్రము నుండి వానిని తెచ్చుట, కొనుట, అమ్ముట నేరము. విహారమునకు పోయినవారు జ్ఞాపకార్థము తెచ్చు తెల్లని పగడపు కొమ్మయు ఇందు చేరును. పాఠశాలలలో ఈ విద్య నేర్వగోరువారు పగడము లేకయే, రాళ్లు, నాచు, చిఱుజీవులతో ఆశ్రయపు తొట్టి యొక్కదానినే నడుపవచ్చును. నేర్వవలసినదానిలో ముప్పాతిక దానిలోనే కలదు. ఖర్చును తక్కువ.

మిగిలినది పాఱబోయు నీటి సంగతి. నెలకు తీయు 20 లీటర్లలో 700 గ్రాముల ఉప్పు, దానితోబాటు మడ్డియు కలదు. దానిని పెరటి మొక్కలకు పోసిన మొక్కలు మాడును, నేల చవుడగును. పొలములోని గొయ్యి చూచి అందు పోసిన, సున్నపురాతి సీమలో అది ఎవరి బావికి చేరునో చెప్పలేము. పట్టణములో మురుగు కాలువ యున్న అందు పోయవచ్చును. లేనిచోట వెడల్పైన పళ్లెములలో పోసి మిద్దె మీద ఎండబెట్టిన, మన వేసవి యెండకు నీరు త్వరలోనే ఇగిరిపోవును. అడుగున నిలిచిన ఉప్పును గీకి చెత్తబండిలో వేయవలెను. అది కూరలకు గాని పశువులకు గాని వాడరాదు. కోసిన నాచునట్లే ఎండబెట్టి పాఱవేయవలెను గాని, పచ్చిగా ఏ చెఱువులోను, కాలువలోను, సముద్రములోను విడువరాదు.